ఒకే మాత్ర, ఇద్దరు వియ్యంకులు

బీపీ మాత్ర పనిచేస్తోందో లేదో చేతికి పట్టీ కట్టి చూసుకోవచ్చు. షుగర్ మాత్ర సంగతి వేలికొసన ఒక్క చుక్క రక్తం చెప్పేస్తుంది. గుండె రక్తనాళం పూడుకుపోతే దాన్ని తెరిచి ఉంచడానికి పెట్టే చిన్న లోహపు జాలీ గొట్టాన్ని స్టెంట్ అంటారు. అది వేశాక ఇచ్చే రక్తం పలచబడే మాత్రలకు అలాంటి సౌకర్యం లేదు. రోజూ వేసుకోవాలి, నెలల తరబడి వేసుకోవాలి, లోపల ఏం జరుగుతోందో మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకే విశాఖపట్నం మహారాణిపేటలో మా మందుల షాపు కౌంటర్ దగ్గర ఈ మాత్రల గురించి నన్ను అందరూ అడిగేది ఒకటే ప్రశ్న. "ఏటమ్మా, ఇది పన్జేస్తందా నేదా?"

కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆస్పత్రి, దగ్గర్లో మందుల షాపు అంటే ఉత్తరాంధ్ర అంతా మా ముందుకు వస్తుంది. శ్రీకాకుళం నుంచి తెల్లవారుజాము బస్సెక్కి ఓపీ చూపించుకున్న రైతు, పాడేరు నుంచి కొడుకుని తోడు తెచ్చుకున్న ముసలమ్మ, ఫిషింగ్ హార్బర్‌లో బోటు పని చేసుకునే మనిషి, అందరూ వస్తారు. నేను ఆంధ్రా యూనివర్సిటీలో బీఫార్మసీ చదివాను. పెళ్లయ్యాక మా ఆయనతో పాటు ఈ కౌంటర్ వెనక నిలబడ్డాను. డాక్టర్ని కాను, మందు మార్చే అధికారం నాకు లేదు. కానీ మందు మనిషి చేతికి అందాక దానికి ఏం గతి పడుతుందో మాకు బాగా తెలుస్తుంది. స్ట్రిప్పులో సగమే కోసి ఇమ్మనేవాళ్లు ఎవరో, పక్కింటాయన చీటీ తెచ్చి "నాకూ ఇదే ఇచ్చెయ్యండి" అనేవాళ్లు ఎవరో చూస్తూనే ఉంటాం.

లోపలి పని కనపడదు కాబట్టి జనం బయట గుర్తులు వెతుక్కుంటారు. గెడ్డం గీసుకుంటుంటే తెగితే రక్తం ఎంతసేపు కారింది, చేతి మీద నీలం మచ్చలు పడ్డాయా, పళ్లు తోముకుంటే చిగుళ్లు ఎర్రబడ్డాయా. మచ్చలుంటే మందు ఎక్కువైందని, లేకపోతే ఒంటికి చక్కగా పట్టిందని లెక్క. ఈ లెక్క ఎంత తప్పో మా ఇంట్లోనే చూశాను.

మా మావయ్య స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యాడు, కూర్మన్నపాలెంలో ఉంటాడు. ఆయన వియ్యంకుడు పెందుర్తిలో స్కూలు మాస్టారుగా చేసి దిగిపోయారు. ఆయన్ని నేను బాబాయ్‌గారు అంటాను. ఇద్దరికీ కొద్ది నెలల తేడాలో స్టెంట్లు పడ్డాయి. ఇద్దరికీ రాసినవి ఒకే మందులు, ఆస్ప్రిన్ 75 ఎంజీ, క్లోపిడోగ్రెల్ 75 ఎంజీ. పెళ్లిళ్లలోనూ పేరంటాల్లోనూ కలిసినప్పుడు వీళ్లిద్దరి మాట అంతా ఆ మాత్రల మీదే. బాబాయ్‌గారికి తలుపు గడియ తగిలినా మోచేతి మీద నీలం మచ్చ. మావయ్యకి ఏమీ లేదు. "చూడండి బావగారూ, నాకు ఒంటి మీద చుక్క మచ్చ లేదు, మీ ఒంటికి ఈ మందు సరిపడ్డం లేదు" అనేవాడు మావయ్య. బాబాయ్‌గారి భార్యకి దానితో టెన్షన్ పట్టుకుని, రోజు విడిచి రోజు ఇస్తే పోతుందేమో అని నాకు ఫోన్ చేసింది. వద్దని, ముందు డాక్టర్‌కి మచ్చలు చూపించమని చెప్పాను.

తర్వాత ఛాతీ నొప్పి వచ్చింది మావయ్యకి. మచ్చల్లేని మనిషికి. మళ్లీ యాంజియో చేస్తే పాత స్టెంట్‌లోనే గడ్డ కట్టిందని తేలింది. వేళకి తీసుకెళ్లారు కాబట్టి మనిషి దక్కాడు.

ఒకే మోతాదు, ఒకే మందు. ఒకాయన రక్తం ఇట్టే కారిపోతుంటే, ఇంకొకాయనకి స్టెంట్‌లో గడ్డ కట్టింది. ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే మాత్ర కడుపులో పడ్డాక ఎటు వెళుతుందో కొంచెం చూడాలి.

రక్తంలో ప్లేట్‌లెట్లు అనే చిన్న కణాలుంటాయి. ఎక్కడైనా తెగితే అవి ఒకదానికొకటి అతుక్కుని గండి పూడుస్తాయి. కొత్తగా పెట్టిన స్టెంట్ లోహాన్ని కూడా అవి గాయంగానే చూస్తాయి, దాని మీద పేరుకుంటాయి. గుండె రక్తనాళంలో అలా జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. ఆస్ప్రిన్ వాటి లోపల కాక్స్ 1 అనే ఎంజైమును కట్టిపడేసి, ఒకదాన్నొకటి పిలుచుకునే త్రాంబాక్సేన్ అనే రసాయనం తయారు కాకుండా చేస్తుంది. క్లోపిడోగ్రెల్ మరో దారి మూస్తుంది. ప్లేట్‌లెట్ మీద ఉండే పీ2వై12 అనే గ్రాహకానికి అతుక్కుని, ఏడీపీ అనే రసాయనం ఇచ్చే 'అతుక్కో' అన్న సంకేతం అందకుండా చేస్తుంది. రెండు దార్లూ మూస్తేనే స్టెంట్‌కి మొదటి నెలల్లో రక్షణ. ఈ రెండు మందులూ ఒకసారి పట్టుకున్న ప్లేట్‌లెట్‌ని దాని ఆయుష్షు తీరేదాకా వదలవు. ఆ ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. రోజూ కొత్త ప్లేట్‌లెట్లు పుడుతూనే ఉంటాయి కాబట్టి మాత్ర కూడా రోజూ పడాలి.

చిక్కంతా క్లోపిడోగ్రెల్‌తో. మనం మింగే మాత్రలో ఉన్నది ఇంకా మందు కాదు. బియ్యం వండితేనే అన్నం అయినట్టు, కాలేయం దాన్ని రెండు దశల్లో మార్చాకే అది పనిచేసే మందు అవుతుంది. పైగా మింగినదాంట్లో 85 శాతం దాకా కాలేయంలోని వేరే ఎంజైము పనికిరాకుండా చేసి బయటికి పంపేస్తుంది. మిగిలిన కొద్దిపాటిలోంచే అసలు మందు తయారవ్వాలి. దాన్ని తయారుచేసే ఎంజైముల్లో ముఖ్యమైనది సీవైపీ 2సీ19. ఈ ఎంజైముకి సంబంధించిన జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. రెండూ బాగుంటే మందు మామూలుగా తయారవుతుంది. ఒకటి పనిచేయని రకమైతే తక్కువ తయారవుతుంది, రెండూ పనిచేయని రకమైతే చాలా తక్కువ. దీనికి ఉల్టాగా, మామూలు కంటే జోరుగా పనిచేసే రకం కూడా ఒకటుంది, స్టార్ 17 అంటారు. అది ఉన్నవాళ్లలో మందు కాస్త ఎక్కువగా తయారై రక్తస్రావం పెరగొచ్చు.

ఇక్కడ మనవాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవలసిన సంగతి ఉంది. పనిచేయని రకాల్లో స్టార్ 2 అనేది యూరప్ జనంలో కంటే మన దక్షిణాసియా జనంలో చాలా ఎక్కువ. బ్రిటన్‌లో ఉంటున్న బంగ్లాదేశీ, పాకిస్తానీ మూలాల వాళ్ల మీద జరిగిన ఒక పెద్ద జన్యు పరిశీలన ఫలితాలు 2023లో వచ్చాయి. వాళ్లలో 57 శాతం మందికి ఇలాంటి జన్యువు కనీసం ఒకటైనా ఉంది. సుమారు 13 శాతం మందికి రెండూ అలాంటివే. మన విశాఖ జనం లెక్క అచ్చం అదే అని నేను అనను. కానీ మన ఉపఖండంలో ఇది ఎవరో ఒకరిద్దరికి ఉండే అరుదైన లోపం కాదు, మా షాపు ముందు నిలబడే వరసలో ఎంతోమందికి ఉండే మామూలు సంగతి.

క్లోపిడోగ్రెల్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది 1997లో. రెండు జన్యువులూ పనిచేయనివాళ్లకి ఈ మందు సరిగా పనిచేయకపోవచ్చని అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నల్ల గీతల పెట్టెలో హెచ్చరిక వేయించింది 2010 మార్చిలో. మధ్యలో గడిచిన కాలం చూడండి. ఆసియా మూలాల వాళ్లు, పసిఫిక్ దీవులవాళ్లు ఎక్కువగా ఉండే హవాయి రాష్ట్రం ఈ విషయం ముందే చెప్పలేదని కంపెనీల మీద కోర్టుకెక్కింది. 2021లో 83 కోట్ల డాలర్లకు పైగా జరిమానా పడింది, 2023లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని పక్కనపెట్టి మళ్లీ విచారించమంది, 2024లో జరిమానా 91 కోట్ల డాలర్లు దాటింది. ఆ వ్యాజ్యంలో ఎవరిది న్యాయమో తేల్చే చదువు నాది కాదు. ఒక రాష్ట్రం తన ప్రజల ఒంటి తీరు వేరని గట్టిగా అడిగింది. ఆ అడగడం నాకు చాలా నచ్చింది.

జన్యువు మన చేతిలో లేదు. చేతిలో ఉన్నవాటి సంగతికొస్తే, మొట్టమొదట చెప్పుకోవలసింది గ్యాస్ మాత్ర.

మన ఊళ్లో గ్యాస్ మాత్ర వేసుకోని ఇల్లు నాకు తెలియదు. ఏ జబ్బుకి చీటీ రాసినా కింద ఒక గ్యాస్ మాత్ర ఉంటుంది, రాయకపోతే అడిగి మరీ కొంటారు. ఓమెప్రజోల్, ఇసోమెప్రజోల్ అనేవి ఆ సీవైపీ 2సీ19 ఎంజైమునే అడ్డుకుంటాయి. అంటే జన్యువులు బాగున్న మనిషిలో కూడా క్లోపిడోగ్రెల్ తయారీ తగ్గుతుంది. 2009లో ఎఫ్‌డీఏ ఈ రెండింటినీ క్లోపిడోగ్రెల్‌తో కలిపి వాడొద్దని చెప్పింది. పాంటోప్రజోల్‌తో ఈ గొడవ తక్కువ. గుండె డాక్టర్లు ఎక్కువగా అదే రాస్తారు. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, గుండె డాక్టర్ పాంటోప్రజోల్ రాస్తాడు, ఆర్నెల్ల తర్వాత కడుపు మంట అని ఇంటి దగ్గర షాపుకి వెళ్లి "ఓమెజ్ ఇవ్వండి" అంటాం. ఓమెజ్ అంటే ఓమెప్రజోలే, కంపెనీ పెట్టిన పేరు అది. అక్కడివాళ్లకి స్టెంట్ సంగతి తెలియదు, మనం చెప్పం. మావయ్య కూడా అలా కొని రోజూ వేసుకుంటున్నాడని ఆస్పత్రిలో సంచి తిరగేసినప్పుడు తెలిసింది.

ఈ విషయంలో రెండో వైపు కూడా చెప్పాలి. 2010లో వచ్చిన కోజెంట్ అనే పరిశోధనలో 3,700 మందికి పైగా రోగుల్లో కొందరికి క్లోపిడోగ్రెల్‌తో పాటు ఓమెప్రజోల్ ఇచ్చి చూశారు. గుండెపోట్లు పెరగలేదు, కడుపులో రక్తస్రావం మాత్రం బాగా తగ్గింది. ఆ పరిశోధన అనుకున్నంత కాలం సాగకుండా మధ్యలో ఆగింది కాబట్టి వాదన పూర్తిగా తెగలేదు. దీన్నిబట్టి నేను చెప్పేది, గ్యాస్ మాత్రని చూసి భయపడి ఆపేయకండి. రెండు రక్తం పలచబడే మందులు వేసుకుంటున్న పెద్దవాళ్ల కడుపుకి అది రక్షణ. ఏ గ్యాస్ మాత్ర అన్నది మాత్రం డాక్టర్‌కి, షాపువాళ్లకి చెప్పి తీసుకోండి.

తర్వాతది నొప్పి మాత్ర. మోకాళ్ల నొప్పులకి, నడుం నొప్పికి ఇబుప్రొఫెన్ ఉన్న మాత్రలు మనవాళ్లు చిల్లర పెట్టి కొనేస్తారు. ఆస్ప్రిన్ వెళ్లి అతుక్కోవలసిన చోటే ఇబుప్రొఫెన్ ముందుగా వెళ్లి కూర్చుంటుంది. ఆస్ప్రిన్‌కి లోపలికి దారి దొరకదు, రక్తంలో ఎక్కువసేపు నిలవదు కాబట్టి ఆ రోజుకి దాని పని పోతుంది. కొద్ది గంటల తర్వాత ఇబుప్రొఫెన్ కూడా దిగిపోతుంది. దీనికి తోడు కడుపులో పుండు పడే, రక్తం కారే ప్రమాదం కూడా పెరుగుతుంది. స్టెంట్ ఉన్నవాళ్లు నొప్పికి ఏం వేసుకోవాలన్నా ముందు అడగాలి. చాలాసార్లు పారాసెటమాల్‌తో సరిపోతుంది.

"నాకు ఆస్ప్రిన్ పనిచేయదట" అని చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. పెన్సిల్వేనియా యూనివర్సిటీవాళ్లు ఆరోగ్యంగా ఉన్న 400 మంది మీద పరీక్షించి, 2013లో ఫలితాలు అచ్చువేశారు. నిజంగా ఆస్ప్రిన్‌కి లొంగనివాళ్లు అందులో ఒక్కరు కూడా తేలలేదు. లొంగనట్టు కనపడ్డవాళ్లంతా కడుపులో కరగకుండా పైపూత వేసిన మాత్ర మింగినవాళ్లు. పూత వల్ల మందు ఆలస్యంగా, తక్కువగా ఒంటికి పట్టింది, అంతే. షుగర్ ఉన్నవాళ్ల సంగతి కొంచెం వేరు. వాళ్లలో ప్లేట్‌లెట్లు త్వరత్వరగా పుట్టుకొస్తాయి, పొద్దున వేసుకున్న ఆస్ప్రిన్ తెల్లారేసరికి కొత్తవాటికి సరిపోకపోవచ్చు. షుగర్ అదుపులో పెట్టుకోమని గుండె డాక్టర్ కసురుకునేది ఊరికే కాదు.

చుట్ట గురించి కూడా ఒక మాట. మన తీరం వెంబడి పల్లెల్లో నిప్పు కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పొగ కాలేయంలో ఇంకో ఎంజైముని రేపుతుంది, దాంతో క్లోపిడోగ్రెల్ కాస్త ఎక్కువ తయారవుతుందని కొన్ని పరిశోధనల్లో కనపడింది. ఎవరో ఒకాయన ఇది ఎక్కడో విని "పొగ తాగితే మందు బాగా పడుతుందట కదా" అని కౌంటర్ దగ్గర అడిగాడు. నాకు నిజంగా కోపం వచ్చింది. గుండె రక్తనాళాలు పాడుచేసిందే ఆ పొగ. స్టెంట్ పడ్డ మనిషికి పొగ మానడం కంటే పెద్ద మందు ఇంకొకటి లేదు.

ఇన్ని కారణాలు చెప్పాను కానీ, మందు పనిచేయకపోవడానికి మా కౌంటర్ దగ్గర రోజూ కనపడే కారణం చాలా మామూలుది. వేసుకోకపోవడం. స్టెంట్ పడ్డ మొదటి నెల మాత్రలు ఆస్పత్రి నుంచి వస్తాయి, ఆ తర్వాత ఎవరికి వాళ్లు కొనుక్కోవాలి లేదా మళ్లీ ఊరి నుంచి బస్సెక్కి రావాలి. కోతల కాలంలో రారు. పెళ్లి ఖర్చు నెలలో సగం స్ట్రిప్పు కొంటారు. నొప్పి లేదు కదా, బాగైపోయింది కదా అంటారు. ఇలాంటివాళ్లకి జన్యు పరీక్ష చేసి ఏం ప్రయోజనం? జన్ ఔషధి షాపుల్లో ఈ మాత్రలు తక్కువ ధరకే దొరుకుతాయి. మా షాపులో కొనకపోయినా సరే, అక్కడ కొనుక్కుని అయినా రోజూ వేసుకోమని నేనే పంపిస్తాను.

మావయ్య దగ్గరికి వస్తే, రెండోసారి ఆస్పత్రిలో ఉన్నప్పుడు డాక్టర్ రక్తం తీయించి జన్యు పరీక్షకి పంపారు. ఒక స్టార్ 2 ఉందని వచ్చింది. అంటే సగం దెబ్బ. దాని మీద ఓమెప్రజోల్, దాని మీద మోకాలి నొప్పికి వేసుకునే మాత్రలు. వీటిలో ఏది గడ్డ కట్టించిందో వేలెత్తి చూపలేమని డాక్టర్ నాతో నేరుగానే అన్నారు. క్లోపిడోగ్రెల్ తీసేసి టికాగ్రెలార్ 90 ఎంజీ రాశారు.

టికాగ్రెలార్‌ని కాలేయం మార్చనక్కరలేదు, మింగిందే మందు. అందుకే జన్యువుతో పేచీ లేదు. 2009లో వచ్చిన ప్లేటో అనే పరిశోధనలో 18,000 మందికి పైగా గుండెపోటు రోగుల్లో దీన్ని క్లోపిడోగ్రెల్‌తో పోల్చారు, టికాగ్రెలార్ మేలని తేలింది. కానీ ఇది ప్లేట్‌లెట్‌ని శాశ్వతంగా పట్టుకోదు, కొన్ని గంటలకి వదిలేస్తుంది. కాబట్టి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి తప్పనిసరి. రాత్రిది మరిచిపోయే అలవాటున్న మనిషికి ఇది మంచి మందు కాదు. రెండోది ఆయాసం. ప్లేటోలో దాదాపు 14 శాతం మందికి ఊపిరి ఆడనట్టు అనిపించింది, క్లోపిడోగ్రెల్ వేసుకున్నవాళ్లలో అది 8 శాతం లోపే. మావయ్యకి రెండో వారంలోనే వచ్చింది. "అమ్మాయ్, మెట్లెక్కితే కాదే, కూకున్నా ఊపిరి సరిగా ఆడ్డం నేదు" అన్నాడు. అత్తయ్య మళ్లీ గుండెపోటే అనుకుని ఏడుపు మొదలుపెట్టింది. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఈసీజీ, ఎకో చూసి గుండె బాగుందని, మందు వల్ల వచ్చిన ఆయాసమని, చాలామందికి తగ్గిపోతుందని చెప్పారు. తగ్గింది. ఆ సంగతి ముందే తెలియనివాళ్లు భయపడి మాత్ర ఆపేస్తారు, అదీ అసలు ప్రమాదం.

ఇప్పుడు బాబాయ్‌గారు ఆ ఖరీదైన మాత్రే తనకీ కావాలన్నారు. ఖరీదు ఎక్కువైతే గుణం ఎక్కువని మనలో చాలామందికి నమ్మకం. ఆయనకి క్లోపిడోగ్రెల్ మీదే అన్ని మచ్చలు పడుతుంటే ఇంకా గట్టి మందు దేనికి? పైగా ఆయన మందు పనిచేయడం లేదని చెప్పే ఆధారం ఒక్కటీ లేదు. గట్టి మందుతో గడ్డలు తగ్గుతాయి, రక్తస్రావం పెరుగుతుంది. ప్రాసుగ్రెల్ అనే ఇంకో గట్టి మందుంది. పక్షవాతం ఒకసారి వచ్చినవాళ్లకి అది ఇవ్వకూడదు, 75 ఏళ్లు దాటినవాళ్లకి, 60 కిలోల కంటే తక్కువ బరువున్నవాళ్లకి చాలా ఆలోచించి ఇవ్వాలి. మన పల్లెల నుంచి వచ్చే ముసలమ్మల్లో 60 కిలోలు తూగేవాళ్లు ఎంతమంది? జపాన్‌లో అయితే ఈ ప్రాసుగ్రెల్ రోజువారీ మోతాదే 3.75 ఎంజీ, అమెరికాలో 10 ఎంజీ. తమ జనం ఒంటికి ఎంత సరిపోతుందో చూసుకుని మోతాదు వేరుగా పెట్టుకున్నారు వాళ్లు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు ఆలోచించాను.

అయితే మందు పనితీరు కొలిచే పరీక్షే లేదా అంటే ఉంది. ప్లేట్‌లెట్లు ఎంత జోరుగా అతుక్కుంటున్నాయో వెలుతురు పంపి కొలిచే పద్ధతిని గుస్టావ్ బోర్న్ అనే శాస్త్రవేత్త 1962లోనే చెప్పాడు. ఇప్పుడు మంచం పక్కనే పెట్టి చూసే చిన్న యంత్రాలూ వచ్చాయి. మరి అందరికీ ఎందుకు చేయరు? చేసి చూశారు. 2011లో గ్రావిటాస్ అనే పరిశోధనలో మందు సరిగా పట్టనివాళ్లకి క్లోపిడోగ్రెల్ రెట్టింపు ఇచ్చారు, ఫలితం మారలేదు. 2012లో ఫ్రాన్స్‌లో ఆర్కిటిక్ అనే పరిశోధనలో పరీక్ష చూసి మందు మార్చినా లాభం కనపడలేదు. అందుకే ప్రతి స్టెంట్ రోగికీ ఈ పరీక్ష చేయమని డాక్టర్లు అనరు, అది వాళ్ల నిర్లక్ష్యం కాదు.

జన్యు పరీక్ష విషయంలో మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది. నెదర్లాండ్స్ ముందుండి చేసిన పాపులర్ జెనెటిక్స్ పరిశోధన 2019లో వచ్చింది. గుండెపోటుకి స్టెంట్ పడ్డవాళ్ల జన్యువు చూసి, బాగున్నవాళ్లకి మామూలు క్లోపిడోగ్రెల్, లేనివాళ్లకే గట్టి మందు ఇచ్చారు. అందరికీ గట్టి మందు ఇచ్చినంత రక్షణా దొరికింది, రక్తస్రావం 12.5 శాతం నుంచి 9.8 శాతానికి తగ్గింది. చైనాలో 2021లో వచ్చిన ఛాన్స్ 2 అనే పరిశోధనలో, చిన్న పక్షవాతం వచ్చి ఈ పనిచేయని రకం జన్యువు ఉన్న 6,400 మందిని చూశారు. టికాగ్రెలార్ వేసుకున్నవాళ్లలో 6 శాతానికి, క్లోపిడోగ్రెల్ వేసుకున్నవాళ్లలో 7.6 శాతానికి మళ్లీ పక్షవాతం వచ్చింది. 2020లో టైలర్ పీసీఐ అనే పరిశోధనలో మాత్రం కనపడిన తేడా కాకతాళీయం కాదని గణాంకాలతో తేల్చి చెప్పలేకపోయారు. కాబట్టి అందరికీ చేసి తీరాలని నేను అనడం లేదు. మందు సరిగ్గా వేసుకుంటూ కూడా స్టెంట్‌లో గడ్డ కట్టినవాళ్లకి, క్లోపిడోగ్రెల్ మీద ఉండగా పక్షవాతం వచ్చినవాళ్లకి అయినా ఇది మన ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా దొరకాలి. జన్యువు మారదు, జీవితంలో ఒక్కసారి చేస్తే చాలు. 1923 నుంచి ఈ ప్రాంతానికి డాక్టర్లను తయారుచేస్తున్న ఆంధ్రా మెడికల్ కాలేజీ మన ఊళ్లోనే ఉంది. ఉత్తరాంధ్ర జనంలో స్టార్ 2 ఎంతమందికి ఉందో మన ల్యాబ్‌లోనే, మన రక్తంతోనే లెక్క తేలాలని నా కోరిక.

అంతవరకు చేయగలిగింది చెబుతాను. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్లండి. ఆయుర్వేదం, నొప్పి మాత్రలు, గ్యాస్ మాత్రలు, అన్నీ. ఆస్ప్రిన్‌తో పాటు ఇచ్చే రెండో మందు ఏ నెల దాకా వేసుకోవాలో అడిగి చీటీ మీద రాయించుకోండి. గుండెపోటుకి స్టెంట్ పడ్డవాళ్లకి మామూలుగా ఏడాది అంటారు, కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ. మలం నల్లగా తారులా వచ్చినా, ముక్కు నుంచి రక్తం ఆగకపోయినా, ఒక్కసారిగా విపరీతమైన తలనొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి. చిన్న నీలం మచ్చలైతే డాక్టర్‌కి చూపించండి, మాత్ర మాత్రం ఆపొద్దు.

ఎక్కువమంది పొరపాటు పడేది పన్ను పీకించుకునేటప్పుడు, కంట్లో శుక్లం తీయించుకునేటప్పుడు. పళ్ల డాక్టర్ అడగకముందే మనమే భయపడి నాలుగు రోజులు మాత్రలు మానేసి వెళతాం. పన్ను ఒకటి తీయడానికి చాలాసార్లు ఆపనక్కరే లేదు, గాజుగుడ్డ కొరికి పట్టుకుంటే రక్తం ఆగుతుంది. పెద్ద ఆపరేషన్ అయితే క్లోపిడోగ్రెల్ 5 రోజుల ముందు, ప్రాసుగ్రెల్ 7 రోజుల ముందు, టికాగ్రెలార్ 3 నుంచి 5 రోజుల ముందు ఆపిస్తారు. అది కూడా స్టెంట్ వేసి ఎంత కాలమైందో చూసుకుని గుండె డాక్టర్ చెబితేనే. ఆపమన్నవాళ్ల చేత, మళ్లీ ఏ రోజు మొదలుపెట్టాలో కూడా అదే చీటీ మీద తారీఖు వేయించుకోండి.